పెండ్లి కార్డు పైవరుస

గత నెల ఈ పుటలో రేషను కార్డులలో మన ఇంటిపేర్లు పడే పాట్లు వ్రాసినాము. ఈ నెల కూడ కార్డు సంగతే. అయితే ఇది పెండ్లి కార్డు.

మా అక్కగారి కుమారునికి సంబంధము కుదిరినది. ఇంటిలో తెలుగు, కన్నడము రెండును తప్పులేకుండ వ్రాయగలవారము మేమే గనుక కార్డు మాటలు కూర్చే పని మా నెత్తిన పడినది. పేర్లు, తేదీ, చర్చి, విందు అన్నియు అరగంటలో ముగిసినవి. పైవరుస దగ్గర కలము ఆగినది. మా తల్లిదండ్రుల పెండ్లినాటినుండి మా ఇంటి కార్డులన్నిటిమీద ఆ వరుసలో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున అనియే ఉన్నది. ఈ పెండ్లికొడుకు మాత్రము, "అది వద్దు మామయ్యా, యేసు నామమున అని వేయించండి, చాలు" అన్నాడు.

రెండేండ్లుగా వాడు వేరొక సభకు పోవుచున్నాడు. మూడు పేర్లతో ఇచ్చిన బాప్తిస్మము పనికిరాదని అక్కడ వానికి మరల బాప్తిస్మమిచ్చినారు. ఆ సంగతి తెలిసిననాడు మా అమ్మగారు, "అయితే నాది కూడ చెల్లదా నాయనా?" అని మనుమని అడిగినారు. ఆమెకు ఇప్పుడు 78 ఏండ్లు. కోలారు గనుల దగ్గర 16వ ఏట బాప్తిస్మము పొందినవారు. వాడు తలవంచుకొని ఊరకున్నాడు. చెల్లదని అనలేదు, చెల్లునని కూడ అనలేదు. అప్పటినుండి అమ్మమ్మకు మనుమనికి మధ్య మాటలు తగ్గినవి.

ఈ బోధ పుట్టినది అమెరికాలో. 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర జరిగిన ఒక పెంతెకొస్తు కూటములో, అపొస్తలులు యేసు నామముననే బాప్తిస్మమిచ్చినారు గదా అని ఒక బోధకుడు ఎత్తిచూపగా మాట పెరిగినది. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ వారు త్రిత్వమే తమ విశ్వాసమని తీర్మానించగా 150మందికి పైగా బోధకులు విడిపోయినారు. ఆ చీలిక మా అక్కగారి వంటయింటివరకు వచ్చుటకు నూరేండ్లు పట్టినది.

మేము వేదాంతపాఠశాలలో చదివినవారము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. చదివి గుమాస్తాగిరీ చేయువారము. మావంటివారికి త్రిత్వము తెలిసినది పోలికలతోనే. నీరు, మంచుగడ్డ, ఆవిరి అని సండే స్కూలులో టీచరమ్మగారు చెప్పినారు. మా తమిళ పొరుగువారికి ఇది మరింత సులువు. వారి భాషలో 'ఆవి' అనగా ఆత్మయును అగును, ఆవిరియును అగును. తరువాత గ్రుడ్డు: పెంకు, తెల్లసొన, పచ్చసొన. ఆ తరువాత మనిషి: పిల్లలకు తండ్రి, తన తండ్రికి కొడుకు, ఆఫీసులో గుమాస్తా.

వినుటకు అన్నియు బాగుగనే ఉండును. కాని పెంకు ఒక్కటే గ్రుడ్డు కాదు, గ్రుడ్డులో ఒక ముక్క. కుమారుడు దేవునిలో మూడవ వంతు అని ఏ సంఘమును చెప్పదు. ఇక మనిషి పోలిక వినినప్పుడెల్ల మాకు మా పాత సూపరింటెండెంటుగారు జ్ఞాపకము వత్తురు. ఒకప్పుడు ఆయనకు మూడు సెక్షనుల ఇన్‌ఛార్జి పడినది. ఒక సెక్షనునుండి నోటు వ్రాసి పంపుదురు, రెండవ సెక్షనులో తామే అందుకొందురు, మూడవదానిలో తామే 'చూడబడినది' అని సంతకము చేయుదురు. ముద్రలు మూడు, మనిషి ఒక్కరు. 3వ శతాబ్దమున రోములో సబెల్లియస్ అనునతడు దేవుని గురించి ఇంచుమించు ఇట్లే చెప్పగా సంఘము త్రోసివేసినది. యేసు యొర్దాను నీటిలో నిలిచియుండగా పైనుండి తండ్రి స్వరము వినబడినది, ఆత్మ పావురమువలె దిగినది. ముగ్గురును ఒకే వేళ ఉన్నారు. గెత్సేమనే తోటలో ఆయన అంత వేదనతో ప్రార్థించినది ఎవరికి? మా సూపరింటెండెంటుగారి నోటు పద్ధతి అక్కడ పొసగదు.

ఈ మాటనే మేనల్లునితో అన్నాము. వాడు తడుముకొనలేదు. "మానవుడైన యేసు తనలోని దైవమునకే ప్రార్థించినాడు మామయ్యా. అపొస్తలుల కార్యములలో బాప్తిస్మము ఎవరి పేర జరిగినదో మీరే చూడండి" అన్నాడు. చూచినాము. మూడు పేర్లు మత్తయి సువార్త చివర ఉన్నవి, కార్యములలో ఉన్నది యేసు పేరే. మా పాస్టరుగారిని అడుగగా, యేసు నామమున అనగా యేసు అధికారముచేత అని భావమే గాని, బాప్తిస్మపు నీటిలో పలుకవలసిన మాటలను లూకా అక్కడ వ్రాసిపెట్టలేదు అన్నారు. మాకు ఇదే సరిగా తోచినది. కాని కుర్రవాడు చదువకుండ మాటలాడుచున్నాడని ఇంతకాలము అనుకొన్నందుకు కొంచెము సిగ్గుపడినాము.

సామాన్యులు ఈ విషయమై తగవులాడుట ఈనాటిది కాదు. అలెగ్జాండ్రియాలో ఏరియస్ అను సంఘపెద్ద, కుమారుడు ఎంత గొప్పవాడైనను తండ్రిచేత సృజింపబడినవాడే అని బోధించగా, 325లో కాన్‌స్టంటైను చక్రవర్తి నైసియాలో బిషప్పులను సమావేశపరచినాడు. కుమారుడు తండ్రితో ఏకతత్త్వముగలవాడని అక్కడ నిర్ణయమైనది. పరిశుద్ధాత్మను గురించిన మాటలు 381లో కాన్‌స్టాంటినోపిలు సభలో నిండినవి. ఆ రోజులలో ఆ పట్టణపు వీథులలో చిల్లర అడిగినవానికి వర్తకుడు కుమారుని జననము గురించి ప్రసంగించుచున్నాడని, రొట్టె వెల అడిగిన తండ్రియే గొప్పవాడని జవాబు వచ్చుచున్నదని, స్నానమునకు నీళ్లు కాగినవా అన్న కుమారుడు శూన్యమునుండి కలిగినాడనుచున్నారని నిస్సాకు చెందిన గ్రెగరీ విసుగుకొన్నాడు. ఇప్పుడు ఆ విసుగుకు చోటు లేదు, ఎవరును అంత పట్టించుకొనుట లేదు. 2022లో అమెరికాలో జరిగిన ఒక సర్వేలో, యేసు దేవుడు సృజించిన మొదటివాడు, గొప్పవాడు అను మాటకు ఇవాంజెలికల్ క్రైస్తవులలో నూటికి 70మందికి పైగా సరేనన్నారు. అది ఏరియస్ మాటయని వారిలో ఎందరికి తెలియునో!

మా చిక్కంతయు 'వ్యక్తి' అను మాటలో ఉన్నదేమో అని కూడ తోచుచున్నది. ముగ్గురు వ్యక్తులు అనగానే మన కంటికి కౌంటరు దగ్గర నిలిచిన ముగ్గురు మనుషులు కనబడుదురు. క్రీ.శ. 200 ప్రాంతమున కార్థేజిలోని టెర్టూలియన్ లాటినులో ఆ మాట వాడినప్పుడు దాని అర్థము ఇది కాదు. ఆయన పోలిక ఊట, ఏరు, కాలువ. నీరు ఒకటే, తెగకుండ పారుచున్నది. అగస్టీనంతటి పండితుడు, ముగ్గురు వ్యక్తులని మేమనునది ఆ సంగతి తెలుపగలిగి కాదు, ఏమియు అనక ఊరకుండలేకయే, అను భావము వ్రాసినాడు. కన్నడమువారు 'త్రయేక' అందురు, మనము 'త్రియేక' అందుము. మూడును ఒకటియు ఒకే మాటలో ఇమిడిన ఈ పేరు మాకు 'వ్యక్తి' కంటె నచ్చినది.

పక్కబల్ల మిత్రుడొకరు, "మా బ్రహ్మ విష్ణు మహేశ్వరుల వంటిదే కదండీ?" అని ఎన్నో ఏండ్లుగా అడుగుచున్నారు. మర్యాదకు తల ఊపుచు వచ్చినాము. ఈమారు ఊపలేదు. సృష్టి ఒకరిది, రక్షణ ఒకరిది అని మేము పంచము, ప్రతి పనియు ముగ్గురిది అన్నాము. ఆయన కొంచెముసేపు ఆలోచించి, "అయితే మీ మేనల్లుడు చెప్పునదే నాకు సులభముగా ఉన్నది" అన్నారు.

పోయిన ఆదివారము వాడు ఇంటికి వచ్చినాడు. రాత్రి భోజనమునకు ముందు ప్రార్థన చేయుమని అమ్మగారే వానితో అన్నారు. వాడు "పరలోకమందున్న తండ్రీ" అని మొదలుపెట్టినాడు, మాకు నీ ఆత్మనిమ్మని అడిగినాడు, యేసు నామమున అని ముగించినాడు. అమ్మగారు రోజును చేయు ప్రార్థన కూడ సరిగా ఆ మూడు మెట్లలోనే నడచును. ఆమె కన్నులు తెరచి, "బాగుగ చేసినావురా" అని, వాని కంచములో ఇంకొక గరిటె పప్పు వడ్డించినారు.

కార్డు సంగతి మాత్రము తేలలేదు. మూడు పేర్లు లేనిదే పెండ్లిపీట దగ్గర కూర్చుండనని అక్కగారు, అవి ఉన్న కార్డు తన సభవారికి పంచనని వాడు. అచ్చాఫీసువారు శనివారములోగా ప్రూఫు తిరిగి ఇమ్మన్నారు. తెలుగు ప్రక్కను పైవరుస ఖాళీగా ఉంచి ప్రూఫు తీయించి, అమ్మగారి దిండు క్రింద పెట్టినాము.