ఓడలెక్కిన వ్యాకరణం

అమెరికాలోని దక్షిణ కరొలైనా, జార్జియా తీరాలలోనూ పక్కనున్న దీవులలోనూ వరిచేలలో బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల సంతతివారు మాట్లాడే గల్లా భాషను, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల శ్వేతజాతి రచయితలు నోరు తిరగనివారి పాడైన ఇంగ్లీషుగా లెక్కగట్టారు. ఆ తీర్పును తిరగదోడిన నల్లజాతి భాషావేత్త లొరెంజో డౌ టర్నర్, 1930లలో ఆ ఊళ్లు తిరిగి మాటలను రికార్డు చేసి, పశ్చిమాఫ్రికా భాషలతో పోల్చి, 1949లో వెలువరించిన గ్రంథంలో వేలకొద్దీ పదాలకు ఆఫ్రికన్ మూలాలు చూపాడు. వాటిలో అధికభాగం ఇంట్లోవాళ్లు మాత్రమే పిలుచుకునే పేర్లు. పరాయివారి ముందు ఇంగ్లీషు పేరే చెప్పేవారు కాబట్టి అంతకుముందు వచ్చినవారి చెవిన అవి పడనేలేదు.

పదాలకన్నా వాక్యం లోతైనది. గల్లాలోనూ, జమైకా క్రియోల్‌లోనూ (క్రియోల్ అంటే భిన్న భాషలవారు ఒకచోట బతకవలసి వచ్చినపుడు పుట్టి, తరువాతి తరాలకు తల్లిభాష అయిన భాష) 'చెప్పాడు', 'అనుకుంది' వంటి క్రియల తరువాత 'సే' అనే మాట వచ్చి అసలు విషయాన్ని కలుపుతుంది. రూపానికి అది ఇంగ్లీషు మాటలాగే ఉన్నా, చేసే పని ఘనా దేశపు ట్వీ భాషలో అదే ధ్వనిగల మాట చేసేది. తెలుగు పాఠకుడికి ఇందులో వింత ఏమీ కనిపించదు. 'వస్తానని చెప్పాడు' అన్నపుడు 'అను' క్రియ నుంచే పుట్టిన 'అని' చేసేదీ అదే పని.

అలా ఓడలెక్కిన తెలుగువారి కథ బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన తరువాతది. తోటలకు కూలీలను ఒప్పందం మీద, సాధారణంగా ఐదేళ్ల గడువుతో, తరలించే పద్ధతిలో మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది; 1911 నాటికి అలా డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతపు చెరకు తోటలకు చేరినవారు లక్షా యాభై వేలు దాటారు, వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్లిన తమిళులూ తెలుగువారూ. ఈ బతుకును బానిసత్వంతో సమానం చేయడం సరికాదు. కొరడా ఇక్కడా ఉన్నా, గడువూ ఉంది, పక్క గుడిసెలో తన భాషవాడూ ఉన్నాడు. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడినా, తరువాతి తరాల ఇళ్లలో ఇంగ్లీషే నిలిచింది.

నిలిచిన ఆ ఇంగ్లీషు ఎలాంటిదో భాషావేత్త రాజేంద్ మేస్త్రీ 1992లో వెలువరించిన గ్రంథం వివరంగా చూపుతుంది. 'అన్నమూ వండాను, రొట్టెలూ చేశాను' అనే భావాన్ని అక్కడి భారతీయులు ప్రతి ఖండం చివరా 'టూ' చేర్చి 'ఐ మేడ్ రైస్ టూ, ఐ మేడ్ రోటీ టూ' అంటారు. 'డర్బన్ సైడ్' అన్నపుడు, ఇంగ్లీషులో నామవాచకానికి ముందుండవలసిన సంబంధపదం విభక్తిలా వెనక్కి జరుగుతుంది. పేరు చివర 'దెమ్' తగిలిస్తే, 'రామయ్య వాళ్లు' అన్నట్టుగా, ఆ మనిషీ అతని ఇంటివారూ అని అర్థం. అయితే ఇదే ప్రయోగం జమైకాలోనూ ఉంది, అక్కడ దానికి పశ్చిమాఫ్రికా మూలాలు చూపుతారు. డర్బన్ పొరుగున ఆఫ్రికాన్స్ భాషలోనూ ఉంది. ఒకే రూపానికి పలు వేళ్లు ఉండవచ్చని ఒప్పుకోకుండా పుట్టుక తేల్చేయడం శాస్త్రం కాదు, అభిమానం.

ఇటు మన నందిగామ, జగ్గయ్యపేట బడులలో పిల్లల ఇంగ్లీషులో 'సైడ్' ఇలాగే వెనక్కి జరిగినా, 'టూ' ప్రతి ఖండం చివరా వచ్చినా ఎర్రసిరా పడుతుంది. పరీక్ష కోసం దిద్దవలసిందే గానీ, దానిని మందబుద్ధిగా చూడడం గల్లాపై వెలువడిన పాత తీర్పుకు చుట్టమే. పరిశోధకులకు మిగిలిన చిక్కు వేరు: 'కూడా' అనే అర్థాన్ని తమిళం 'ఉమ్'తో, తెలుగు దీర్ఘంతో, రెండూ మాట చివరనే చెబుతాయి కనుక, డర్బన్ ఇంగ్లీషులో తెలుగు వాటా ఎంతో విడదీయాలంటే, వలస వెళ్లిన జిల్లాల పల్లె మాటను ఆనాటి రూపంలో పట్టుకోవలసి ఉంటుంది.