మెస్ లెక్కల్లో దొరికిన నాటకకర్త

"ఇంగ్లీషు సాహిత్యమా? అది కాన్వెంటు పిల్లల చదువు. మీకెందుకు?" డిగ్రీ అయ్యాక ఎమ్.ఏ. ఇంగ్లీషుకు అప్లికేషను నింపుతుంటే మనలో చాలామంది ఈ మాట విన్నవాళ్లమే. నాలుగు వందల ఏళ్లనాటి నాటకాల మీద పరిశోధన అంటే నవ్వేవాళ్లూ ఉన్నారు. ఆ చదువు మనకు పరాయిది కాదని మా అభిప్రాయం.

క్రిస్టఫర్ మార్లో సంగతి చూడండి. షేక్‌స్పియర్ పుట్టిన 1564లోనే కాంటర్‌బరీలో పుట్టాడు. తండ్రి బూట్లు కుట్టేవాడు. అక్కడ ఆ పనికి మన దగ్గరి అంటరానితనం లేదు కాబట్టి రెండూ ఒకటేనని అనం. కానీ అతను స్కాలర్‌షిప్పు మీద బడిలో చదివి, 1580లో స్కాలర్‌షిప్పు మీదే కేంబ్రిడ్జి చేరాడు. కాలేజీలో ఉన్న వారానికి ఒక షిల్లింగు, లేని వారానికి సున్నా. తిండికి వారం వారం పెట్టిన ఖర్చు రాసిన లెక్కల పుస్తకాలు కూడా మిగిలాయి. వాటిని బట్టే అతను ఏ వారాల్లో కాలేజీలో లేడో పరిశోధకులు తేల్చారు. మెస్ బిల్లు, హాజరు పట్టీ మధ్య పెరిగిన మనకు ఆ లెక్క ఇట్టే అర్థమవుతుంది.

మార్లో 1593లో చనిపోయాడు. అతని 'డాక్టర్ ఫాస్టస్' 1604లో ఒకరకంగా, 1616లో ఇంకోరకంగా అచ్చయింది. రెండోదానిలో ఆరు వందలకు పైగా పంక్తులు ఎక్కువ. ఆ నాటకానికి చేర్పులు చేసినందుకు 1602లో ఇద్దరు రచయితలకు నాలుగు పౌన్లు ఇచ్చినట్టు నాటకశాల యజమాని హెన్‌స్లో లెక్కల్లో ఉంది. మరి ఏది మార్లో మాట, ఏది కాదు? ఇలాంటి ప్రశ్నకు జవాబు వెతకడమే పరిశోధన. అది గైడులో దొరకదు.

బోధన కూడా ఇలాగే ఉండాలని కోరుతున్నాం. ఒకే సీను రెండు ప్రతుల్లోంచి పక్కపక్కన పెట్టి "తేడా ఏమిటి?" అని అడిగితే తెలుగు మీడియం పిల్లలు కూడా నోరు విప్పుతారు. సమ్మరీ డిక్టేట్ చేస్తే చేతులు మాత్రమే కదులుతాయి. ఆ కాలానికి ఇంగ్లీషు స్పెల్లింగే కుదురుకోలేదు. మార్లో పేరునే రికార్డుల్లో రకరకాలుగా రాశారు. ఆ నాటకాలను ఇవాళ ఇంగ్లండు విద్యార్థులు కూడా నోట్సు పెట్టుకునే చదువుతారు. స్పెల్లింగు తప్పు పోయిందని మనం మాత్రం ఎందుకు తల దించుకోవాలి?

పీహెచ్‌డీ అంటే ఏళ్ల తరబడి పని. ఇంటి దగ్గర అమ్మానాన్నలు మన మొదటి జీతం కోసం ఎదురు చూస్తుంటారు. అందుకే అందరూ ఇటే రావాలని చెప్పం. ఉద్యోగానికి వెళ్లడం తప్పు కాదు. అయితే ఇష్టం ఉన్నవాళ్లు "మనవల్ల కాదు" అన్న ఒక్క మాటకు ఆగిపోకూడదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకూ అక్కలకూ ఒక మనవి. మీలో ఇంగ్లీషు చదివినవాళ్లు నెలకు ఒక ఆదివారం హాస్టలుకు రండి. ఒక నాటకం తెచ్చి మాతో కూర్చోండి. భోజనం మా మెస్‌లోనే. లెక్క కూడా మేమే రాస్తాం!