మత్సుషితగారి యిల్లాలు

పానసోనిక్ సంస్థను స్థాపించిన మత్సుషిత కోనోసుకేను లోకమెఱుగును. ఆయన భార్య ముమెనోను దలచువారరుదు. తొమ్మిదవయేటనే ఒసాకాలో కుంపట్ల దుకాణమున పనికి కుదిరిన యాయన, 1917లో విద్యుద్దీపముల కంపెనీ కొలువు విడిచి దీపపు సాకెట్లు చేయబూనెను. సరకు అమ్ముడుపోలేదు. అపుడామె తన కిమోనోలను, నగలను తాకట్టుపెట్టి యిల్లు గడపెను. 1918లో సంస్థ వెలసినపిదప, యింటనే యుండి పనినేర్చు పిల్లలకు వండిపెట్టినదియు నామెయే. ఆయన నిర్వహణనీతిని గూర్చి వ్రాయు పండితులీ వంటయింటిని మఱచుట మాకు వింతగా దోచును.

1929 చివర అమ్మకములు సగమునకు పడిపోగా, వ్యాధితో మంచముపట్టియున్న మత్సుషిత, ఒక్కరినైన తొలగింపరాదనియు, పనివేళ సగము చేసి జీతము పూర్తిగా నీయవలెననియు నాజ్ఞాపించెను. పనివారు సెలవులు మాని నిలువ సరకు నమ్మబూనిరి. రెండుమాసములలో గిడ్డంగి ఖాళీయయ్యెను.