రికార్డులో వయొలిన్ ఏమయింది?

మీలో సంగీతం పిచ్చివాళ్లు కొందరైనా వుంటారు. పాత కచేరీల రికార్డులు సంపాదించటం, నలుగురు స్నేహితుల్ని పిలిచి వినిపించటం, ఆ తర్వాత కాఫీ తాగుతూ 'ఆలాపన బాగుంది గాని తని మరీ సాగదీశారు' అని వాదించుకోవటం - ఇంతకంటే మంచి కాలక్షేపం నాకు తెలిసి లేదు. రక్తపోటుకి కూడా మంచిదే, వాదన మరీ ముదరనంత వరకూ. అలాటి వాదన ఒకటి ముదిరి మా ఆస్పత్రి దాకా వచ్చింది.

ఆయన రిటైరయిన మాష్టారు. వయసు అరవై ఆరు. నెలకో ఆదివారం అయిదారుగురు మిత్రులు ఆయనింట్లో చేరి రికార్డులు వింటారు. చాలా ఏళ్ల అలవాటు. ఏడాదిగా మాష్టారి ధోరణి మారింది. కొత్త రికార్డింగు ఏది పెట్టినా 'మొద్దుగా వుంది, వయొలిన్‌ని మింగేశారు, మైకు పెట్టటం కూడా చేతకాదు' అనేవారట. 'శుభ్రంగా వినిపిస్తోందిగా మాష్టారూ' అంటే కోపం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత గ్రామఫోను రికార్డు పెడితే మాత్రం మొహం విప్పారేది. ఒకనాడు అదే రికార్డు వింటూ ఒక మిత్రుడు, 'వాయిద్యం దివ్యంగా వుంది, ఆ బుస్సుమనే చప్పుడే భరించలేకుండా వున్నాం' అన్నాడు.

'ఏం చప్పుడు?' అన్నారు మాష్టారు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత రెండు నెలలు ఆయన ఎవర్నీ పిలవలేదు, ఎవరింటికీ వెళ్లలేదు. కూతురు వచ్చి చూసి, 'నాన్నకి మనుషులంటే విసుగు పుట్టింది, మనసు బాగాలేదేమో చూడండి' అని తీసుకొచ్చింది.

మనసు సంగతి తర్వాత చూద్దాం, ముందు చెవి చూడాలన్నాను. 'ఏం చప్పుడు?' అన్న మాటలోనే రోగనిర్ణయం సగం వుంది.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం వుంటుంది. అందులో ఒక్కో చెవికి సుమారు 15,000 సూక్ష్మమైన రోమకణాలు వుంటాయి. తారస్థాయి ధ్వనుల్ని పట్టే కణాలు గుల్ల మొదట్లోనూ, మంద్రస్థాయివి కొసనూ వుంటాయి. వయసు వల్లా, మోత వల్లా ముందు దెబ్బతినేవి మొదట్లోవే. పోయిన కణం మళ్లీ మొలవదు. అందుచేత మృదంగం, మగగొంతు బాగానే వినపడతాయి. వయొలిన్ కమాను పదును, తంబురా జీవ, కంజీర గలగల మాత్రం చల్లగా జారుకుంటాయి. గ్రామఫోను బుస కూడా చాలావరకు ఆ పైస్థాయిదే.

మరి పాత రికార్డు అంత బాగా ఎందుకున్నట్టు? 1925కి ముందు బాకాలోకి పాడి చేసిన రికార్డుల్లో సెకనుకి సుమారు 2,500 కంపనాలు దాటిన ధ్వనులు దాదాపు వుండవు. మైకులు వచ్చాక కూడా 78 రికార్డుల్లో ఆ హద్దు చాలాకాలం అయిదారువేల దగ్గరే వుండిపోయింది. అంటే మాష్టారి చెవి పోగొట్టుకున్న భాగంలో ఎక్కువ మేర ఆ రికార్డుల్లో అసలు లేనే లేదు! కనుక అక్కడ ఆయనకి పోయింది స్వల్పం. కొత్త రికార్డింగులో వున్నదంతా వుంది, ఆయనకి చేరటం లేదు, తిట్లు మాత్రం మైకు పెట్టినవాడికి చేరాయి.

ఆడియోగ్రాం పరీక్షలో 250 నుంచి 8,000 కంపనాల వరకు చూస్తారు. మాష్టారి గీత 3,000 దాకా పరవాలేదు, అక్కణ్ణుంచి మెట్లు దిగినట్టు దిగిపోయింది. మాటల్లో కూడా ఇదే చిక్కు. అచ్చుల బలం కిందిస్థాయిలో, స, శ, త, క, ప లాటి హల్లుల పదును పైస్థాయిలో వుంటాయి. 'పాలు' అంటే 'కాలు' అని వినపడుతుంది. ఇంట్లోవాళ్లు గొంతు పెంచితే, 'ఎందుకలా అరుస్తావు?' అని కసురుకుంటారు. ఇది పెడసరం కాదు. దెబ్బతిన్న చెవికి మెల్లని ధ్వని వినపడదు, గట్టిది ఒక్కసారిగా భరించరానిదవుతుంది. ఇలా రెండువైపులా ఇబ్బందిపడ్డ మనిషి మెల్లగా నలుగురిలోంచి తప్పుకుంటాడు. పట్టించుకోని వినికిడి లోపం మతి తప్పే జబ్బుకి దోహదం చేసే కారణాల్లో ఒకటని 2020లో లాన్సెట్ పత్రిక నిపుణుల సంఘం చెప్పింది. 'వయసొచ్చింది, చెవుడు మామూలే' అని వూరుకోవద్దని అందుకే అంటున్నాను.

మీ ఇంట్లో ఇలాటివారుంటే ముందు గులిమి వుందేమో డాక్టరుచేత చూపించండి. పిన్నీసు, అగ్గిపుల్ల, కాచిన నూనె చెవి దగ్గరకి రానివ్వకండి. షుగరు, రక్తపోటు అదుపులో వుంచుకోండి. జెంటామైసిన్ వంటి ఇంజక్షన్లు ఎప్పుడైనా చేయించుకుని వుంటే డాక్టరుకి చెప్పండి. ఒక చెవి హఠాత్తుగా వినపడకుండా పోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. మందు తొలిరోజుల్లోనే బాగా పనిచేస్తుంది.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేవారికి ఒక లెక్క. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 అయితే 4 గంటలే. నేనూ యాభై దాటినవాణ్ణే. మా అబ్బాయికి వినపడే కీచురాయి నాకు వినపడటం లేదని ఈమధ్యే తెలిసింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఈసారి మీరు నలుగురూ కూర్చుని విన్నప్పుడు, ఒకే రికార్డు గురించి ఎవరికేం వినిపించిందో విడివిడిగా చెప్పుకుని చూడండి. మిగతావాళ్లందరికీ వినిపించింది ఒకరికే వినపడకపోతే రికార్డుని తిట్టటం మాని ఆయన్ని వెంటబెట్టుకుని చెవి పరీక్షకి వెళ్లండి. వెక్కిరించకండి.

మాష్టారికి రెండు చెవులకీ మిషన్లు అమర్చారు. మొదటి వారం గిన్నెల చప్పుడుకి ఉలిక్కిపడ్డారు. వేణువు పెడితే మిషను దాన్ని తన కీచుధ్వనే అనుకుని నొక్కేసేది. మాటల కోసం చేసిన అమరిక సంగీతానికి పనికిరాదు. సంగీతానికి వేరే అమరిక పెట్టమని అడగాలి, అడిగితే పెడతారు. రెండో నెల నుంచి ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. మొన్న మందుల కోసం వచ్చినప్పుడు ఒక ఫిర్యాదు మోసుకొచ్చారు: 'ఆ ద్వారం వారి రికార్డులో ఏమిటి డాక్టరుగారూ, అంత బుస!'