ఓటొక్కటి, బల్లలు వేరు

మన దేశరాజకీయములను గూర్చి పెద్దలు మాటలాడునపుడు తఱచుగా వినవచ్చునది నిట్టూర్పే. ఎన్నికలు వచ్చును, పోవును, వాగ్దానములు మాఱును, ఏ నియోజకవర్గమున ఏ కులమువా రెందఱను లెక్క మాత్రము మాఱదు. అభ్యర్థి యోగ్యతకంటె ముందుగా అతని కులమును, ధనమును తూచుట పక్షములకు అలవాటైపోయినది. ఈ విసుగు న్యాయమైనదే. కాని విసుగుతోనే ఆగిపోవుట న్యాయము గాదు. ఈ వ్యాధి శాసనసభలో పుట్టినది గాదు. బిడ్డ బడిలో అడుగిడిన దినముననే అది వేరూనుచున్నదని నా యభిప్రాయము.

1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగసభలో డాక్టరు అంబేడ్కరుగారు దేశమునకొక హెచ్చరిక చేసిరి. 1950 జనవరి 26 మొదలు రాజకీయములందు మనకు సమానత్వ ముండును, సాంఘికార్థిక జీవనమున అసమానత్వ ముండును. ఈ వైరుధ్యమును త్వరగా తొలగింపకున్నచో, దానిచే బాధపడువారు ప్రజాస్వామ్యమునే కూలద్రోయుదురని దాని సారాంశము. సంపన్నునకును కూలివానికిని చెరియొక ఓటు లభించెను. 1989లో 18 ఏండ్లు నిండిన యువజనులకును ఆ హక్కు కలిగెను. ఓటు సమానమైనది, బడి సమానము గాలేదు.

ఇరుగుపొరుగు బిడ్డలందఱు కులమత ధనభేదములు లేక ఒకే పాఠశాలలో చదువవలెనని 1966లో కొఠారీ విద్యాసంఘము సిఫారసు చేసెను. అది కాగితముపైననే నిలిచినది. నేడు మన పట్టణములలో ఉదయము చూడుడు. ఒక యింటి బిడ్డ బస్సెక్కి, వేలకొలది రూపాయల ఫీజు పుచ్చుకొను బడికి పోవును. ఆ యింట అంట్లుతోము తల్లి బిడ్డ నడచి ప్రభుత్వ పాఠశాలకు పోవును. పదేండ్లు గడచినను ఒకరి పేరొకరెఱుగరు. ఇట్లు పెరిగినవారిని నాయకులు గుంపులుగా లెక్కించుటలో వింత యేమి?

ఈ గోడలో 2009 నాటి విద్యాహక్కు చట్టము ఒక చిన్న ద్వారము తెఱచినది. ప్రభుత్వసహాయము లేని ప్రైవేటు పాఠశాలలు ఒకటవ తరగతిలో నూటికి 25 స్థానములను ఇరుగుపొరుగు బీదబిడ్డలకు ఉచితముగా నీయవలెనని అది శాసించినది. 2010 ఏప్రిలు 1 నుండి చట్టము అమలునకు వచ్చినను, మన తెలుగు రాష్ట్రములలో ఈ నిబంధన ఏండ్లతరబడి జాగైనది. సుప్రీంకోర్టు 2012లో సహాయము పొందని అల్పసంఖ్యాకుల పాఠశాలలను దీనినుండి మినహాయించెను. 2014లో అల్పసంఖ్యాకుల పాఠశాలలు వేటికిని ఈ చట్టము వర్తింపదని తీర్పుచెప్పెను. ఆ తీర్పును మరల విచారింపవలెనని 2025లో ఇద్దరు న్యాయమూర్తులు ప్రధానన్యాయమూర్తికి నివేదించిరి.

మన మిషను పాఠశాలలు ఈ మినహాయింపులోనివే. రాజ్యాంగపు 30వ అధికరణము అల్పసంఖ్యాకులకొసగిన రక్షణ విలువైనది; దానిని కాపాడుకొనుట తప్పు గాదు. కాని చట్టము బలవంతపెట్టని మేలును మనము చేయరాదని ఏ న్యాయస్థానమును చెప్పలేదు గదా! అల్పసంఖ్యాకుల పాఠశాలలలో వెనుకబడిన కుటుంబముల బిడ్డలు నూటికి 8.76 మంది మాత్రమే యున్నారని జాతీయ బాలలహక్కుల పరిరక్షణ సంఘము 2021లో ప్రకటించెను. బీదలకై పుట్టిన సంస్థలకు ఈ యంకె గౌరవప్రదమా?

మన పూర్వచరిత్ర వేఱు. 1866లో ఒంగోలున నెలకొనిన క్లౌ దొరగారి బడికి ఉన్నతకులముల బాలురు వచ్చుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తమ బిడ్డలను మాన్పింతుమని వారి పెద్దలు చెప్పిరి. దొరగారును వారి భార్యయు కొరింథీయులకు వ్రాయబడిన మొదటి పత్రికను చదివి నిశ్చయించుకొనిరి. ఉన్నతకులస్థులు వెడలిపోయిరి, దొరగారు మాదిగలను విడువలేదు. ఆ నిశ్చయము వలననే తెలుగునాట వేలకొలది కుటుంబములలో మొదటిసారి అక్షరము వెలిగినది.

ఉపాధ్యాయుల జీతములు ఎవరిత్తురు, ఫీజులు పెరుగవా యని తలిదండ్రులు అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. ఒక్కమాఱు నాలుగవవంతు సాధ్యము గాకున్నచో పదింట ఒక స్థానముతో ఆరంభింపవచ్చును. పూర్వవిద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క బిడ్డ ఫీజు భరింపవచ్చును. అట్లు వచ్చిన బిడ్డలకు వేఱు సెక్షను గాని, వేఱు పూట గాని పెట్టరాదు. ఒకే బల్ల, ఒకే యూనిఫారము, ఒకే మధ్యాహ్నభోజనపు వరుస కావలెను. వేఱుగా కూర్చుండబెట్టి ఇచ్చు విద్య భిక్షమగును గాని హక్కు గాదు.

విద్యార్థులారా, మీలో పై తరగతులవారికి కొలదియేండ్లలో ఓటు వచ్చును. అప్పుడు ఎవరో వచ్చి మీ కులమువాడని, మీ మతమువాడని చెప్పి దానిని అడుగును. చిన్ననాట ఒకే బల్లపై కూర్చుండి, ఒకరి పుస్తకము నొకరు చదివినవారికి ఆ మాట చాలదు. ఈతడేమి చేసెను, ఏమి చేయగలడు అని వారు తిరిగి ప్రశ్నింతురు. దేశమును నిందించుటకు ముందు మనము చేయదగిన పని ఆ బల్లను పొడిగించుటయే. దానికి ఢిల్లీ అనుమతి అవసరము లేదు.