లోపం చెప్పినవారికి చోటుందా?

నాయకుడంటే ముందు వరుసలో కూర్చునేవాడు, దండ వేయించుకునేవాడు, మైకు పట్టుకునేవాడు అని చిన్నప్పటి నుంచీ చూస్తూ వచ్చాం. రేపు మనలో చాలామందిమి ఉద్యోగాల్లో చేరతాం. కొందరం పదిమంది చేత పని చేయించే కుర్చీలోనూ కూర్చుంటాం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ మాట చర్చించదలచాం. పనిచేసే చోట వాతావరణం బాగుందో లేదో తెలియడానికి మా దృష్టిలో ఒకటే గుర్తు. పని చెడిందని చెప్పిన చిన్న ఉద్యోగికి ఆ తర్వాత ఏమవుతుందో చూడాలి.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి-3 రాకెట్ మొదటిసారి ఎగిరింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో నత్రికామ్లం కారిపోవడంతో అదుపు తప్పి, అయిదు నిమిషాలు దాటగానే బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. పత్రికలవారి ముందుకు వచ్చి ఆ వైఫల్యాన్ని నెత్తిన వేసుకున్నది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. 1980 జులై 18న అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టినప్పుడు, విలేకరులతో మాట్లాడమని ఆయన కలాంను పంపారు. ఇది మనమందరం విన్న కథే. వేదికల మీద దీన్ని ధావన్ మంచితనానికి ఉదాహరణగా చెబుతుంటారు. మేము చూసేది ఆ మధ్యనున్న పదకొండు నెలలు. నింద తన మీద పడదని తెలిసిన ఇంజనీరే ఏ కవాటం దగ్గర ఏం జరిగిందో దాచకుండా చెప్పగలడు. చెబితేనే కదా సరిచేసేది!

అమెరికాలో దీనికి విరుద్ధంగా జరిగింది. ఛాలెంజర్ ఎగరడానికి ముందు రోజు రాత్రి, చలికి బూస్టరు అతుకుల్లోని రబ్బరు రింగులు పనిచేయకపోవచ్చని తయారీ కంపెనీ ఇంజనీర్లు హెచ్చరించారు. పైవారు వినలేదు. 1986 జనవరి 28న ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు.

రాకెట్ల సంగతి మనకెందుకంటారా? హాస్టలు మనకు ఇల్లు గానీ వంటమనిషికి, కమాటికి, వాచ్‌మన్‌కు, వార్డెన్ గారికి అది కొలువు. పప్పు పలచబడితే తిట్లు తినేది వంటమనిషే. ఆ పూటకు స్టోరు నుంచి కందిపప్పు ఎంత తూచి ఇచ్చారో ఎవరూ అడగరు. నీళ్ల ట్యాంకు కడగలేదని కమాటి మీద కేకలు వేస్తారు. నిచ్చెన విరిగిందని అతను ఎప్పుడో చెప్పిన మాట గుర్తుండదు. ఆరో తరగతి పిల్లవాడు అన్నంలో పురుగు చూపిస్తే, మెస్ లీడరే "నీ ఒక్కడికే కనబడిందా?" అంటాడు. వాడు మళ్లీ నోరు విప్పడు. వాడి బుర్రలో ఏదైనా కొత్త ఆలోచన పుట్టినా అదీ అక్కడే ఉండిపోతుంది.

అందరినీ మాట్లాడనిస్తే క్రమశిక్షణ పోతుందని కొందరు పెద్దలంటారు. గంట కొట్టగానే స్టడీకి కూర్చోవడం క్రమశిక్షణే, ఒప్పుకుంటాం. పురుగు కనబడినా మింగడం ఏ లెక్కలోకి వస్తుందో వారే చెప్పాలి.

భోజనశాల గుమ్మం దగ్గర ఒక నోటుబుక్కు వేలాడదీయాలని మా కోరిక. విద్యార్థులే కాదు, సిబ్బంది కూడా అందులో రాయవచ్చు. రాయడం రానివారు చెబితే మేము రాసిపెడతాం. పేరు అక్కర్లేదు. ప్రతి శనివారం ఒక్కో ఫిర్యాదు కింద ఏం చేశారో, కుదరకపోతే ఎందుకు కుదరలేదో వార్డెన్ గారు రెండు ముక్కలు రాయాలి. మొదటి పేజీలో ట్యాంకు నిచ్చెన సంగతి రాస్తాం.