గుట్ట పక్కన ఇల్లు, చేతిలో ఫౌండేషన్ పుస్తకం

బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్న తల్లిదండ్రులకి, పిల్లకి పదకొండో పన్నెండో ఏడు రాగానే ఒక సందేహం మొదలవుతుంది. ఈ ఏడాది సైన్సులో ఏం చెప్పాలి? ఫిజిక్సా, కెమిస్ట్రీయా, బయాలజీయా? హైదరాబాద్‌లో నేను ఎక్కువగా వింటున్న జవాబు "ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాలు తెప్పించామండీ" అని. వింటే ఒళ్ళు మండుతుంది. ర్యాంకులు వద్దు, స్టడీ అవర్లు వద్దు, వారం వారం పరీక్షలు వద్దు అని అత్తమామలతో, అన్నదమ్ములతో పోట్లాడి మరీ పిల్లని బయటికి తెచ్చుకున్నారు. తెచ్చుకుని, ఏ చదువుకి భయపడి బయటపడ్డారో ఆ చదువునే భోజనాల బల్ల మీద పరిచారు. ఏడో తరగతి వయసు పిల్ల మోల్ కాన్సెప్ట్ లెక్కలు చేస్తోంది. గుప్పెడు ఉప్పు కూడా ఎన్నడూ తూచి చూడలేదు, అవొగాడ్రో సంఖ్య మాత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది.

నా మాట సూటిగా చెబుతాను. తెలుగు నేల మీద ఇంట్లో చదువుకునే మిడిల్ స్కూల్ పిల్లకి ఒక ఏడాదంతా చెప్పాల్సిన సైన్సు భూగర్భశాస్త్రం. రాయి, మట్టి, బోరు నీళ్ళు. మిగతా మూడూ అక్కర్లేదని నేననడం లేదు. ఆ మూడూ దీనిలోంచే వస్తాయి, అదీ పిల్ల తనంతట తాను అడిగినప్పుడు వస్తాయి.

హైదరాబాద్ కింద ఉన్న గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. మౌలాలి గుట్ట, గోల్కొండ కోటని మోస్తున్న కొండ, జూబ్లీహిల్స్‌లో ప్రహరీ గోడల మధ్య ఇరుక్కున్న బండలు, అన్నీ అదే. పిల్ల చేతికి భూతద్దం ఇచ్చి ఆ బండ ముందు కూర్చోబెట్టండి. బూడిద రంగులో మెరిసేది పలుగురాయి. గులాబీ రంగులోనో తెల్లగానో చదునుగా కనబడేది ఫెల్డ్‌స్పార్. గోటితో గీకితే రేకులుగా లేచే నల్లనిది అభ్రకం. ఈ పలుకులు కంటికి ఆనేంత పెద్దవి ఎందుకయ్యాయి? కరిగిన రాయి భూమి లోపల చాలా లోతున, చాలా నెమ్మదిగా చల్లారింది కాబట్టి. లోతున పుట్టింది పైకెలా వచ్చింది? దాని మీద ఉన్నదంతా కోట్ల ఏళ్ళ వానలకి కొట్టుకుపోయింది. మరి బండలు గుండ్రంగా ఎందుకున్నాయి? పగుళ్ళలోకి దిగిన నీళ్ళు ఫెల్డ్‌స్పార్‌ని మెల్లగా బంకమట్టిగా మార్చేస్తాయి. మూలలకి అన్ని వైపుల నుంచీ దెబ్బ తగులుతుంది కాబట్టి ముందు అవే అరుగుతాయి, పైన ఉల్లిపొరల్లా రాయి ఊడుతుంది. ఇన్ని ప్రశ్నలు ఒక్క బండ దగ్గర! ఫౌండేషన్ పుస్తకంలో ప్రతి ప్రశ్నకీ నాలుగు ఆప్షన్లు ఉంటాయి. పిల్ల నోటి నుంచి వచ్చిన ప్రశ్న మాత్రం ఒక్కటీ ఉండదు.

గుట్ట దాకా పోలేని రోజు వంటింట్లోకి రండి. పాత ఇళ్ళలో నేల మీద తాండూరు బండలో, బేతంచర్ల బండలో ఉంటాయి, గట్టు మీద నల్ల కడప బండ ఉంటుంది. అవన్నీ సున్నపురాళ్ళే. నిమ్మరసం పడితే మరక దిగుతుందని ఆ ఇంటి ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎందుకు దిగుతుందో ఎవరూ పిల్లకి చెప్పరు. విరిగిన బండ ముక్కని గీకి, ఆ పొడి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేయండి. బుడగలు వస్తాయి. గ్రానైటు పొడి మీద వేయండి, రావు. ఆమ్లం, కార్బనేటు, కార్బన్ డయాక్సైడు అన్న మాటలు ఇప్పుడు చెప్పండి, పట్టుకోవడానికి వాటికి ఒక వస్తువుంది. ఆ బండ సముద్రం అడుగున పేరుకున్నదనీ, అప్పటికి చేప అనే ప్రాణి పుట్టనే లేదనీ కూడా చెప్పండి. తాండూరు ఇవాళ సముద్రానికి ఎంత దూరమో పిల్లే మ్యాపు తీసి చూస్తుంది. ఇక స్ప్రింగ్ త్రాసుకి గ్రానైటు ముక్కని వేలాడదీసి ఒకసారి గాల్లో, ఒకసారి బకెట్ నీళ్ళలో ముంచి తూచమనండి. గాల్లో బరువుని, నీళ్ళలో తగ్గిన బరువుతో భాగిస్తే సుమారు 2.7 వస్తుంది. గ్రానైటుని చీల్చుకుంటూ గోడలుగా లేచిన నల్లరాయి, డోలరైటు, దాదాపు 3 దాకా పోతుంది. ఆర్కిమెడిస్ సూత్రం ఇంతకన్నా బాగా ఏ కోచింగ్ సెంటర్లో చెబుతారు?

ఇక నీళ్ళు. నల్గొండ ఫ్లోరైడ్ గోస తెలుగువాళ్ళలో తెలియనివారు లేరు. వంకరపోయిన కాళ్ళని, మచ్చలు పడ్డ పళ్ళని టీవీలో చూసి అయ్యో అనుకున్నాం. అది ఎందుకొచ్చిందో మన పిల్లలకి చెప్పామా? అక్కడి గ్రానైటులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళు ఆ ఫ్లోరిన్‌ని ఫ్లోరైడ్‌గా కరిగించుకుంటాయి, బోరు ఆ నీళ్ళని పైకి తోడుతుంది. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళు, తర్వాత ఎముకలు పాడవుతాయి. పటిక, సున్నం కలిపి ఆ ఫ్లోరైడ్‌ని దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు తయారు చేశారు. ప్రపంచమంతా దాన్ని నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. రాయిలో మొదలుపెట్టి ఎముక దాకా, అక్కణ్ణించి ఒక ఊరికి మంచినీళ్ళు ఎందుకు రాలేదన్న దాకా, ఒక పన్నెండేళ్ళ పిల్ల తన కాళ్ళ మీద తాను నడిచి పోగల దారి ఇది. ఇది సిలబస్‌లో లేదని పక్కన పెడతారా? మీ ఇంటికి సిలబస్ ఎవరు రాశారు, మీరు కాదా?

బడులు ఈ శాస్త్రానికి చేసిన అన్యాయం చిన్నది కాదు. రాళ్ళని తీసుకుపోయి సాంఘిక శాస్త్రంలో కుదేశారు. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని మూడు పేర్లు బట్టీ పట్టి, రెండు మార్కులు తెచ్చుకుని, పిల్లలు ఆ పాఠాన్ని జన్మలో మళ్ళీ ముట్టుకోరు. ఆ మూడు రకాల్లో ఒక్కటైనా చేత్తో పట్టుకున్న పిల్లలు ఎంతమంది?

చేతులతో నేర్చుకునే సైన్సు ఊహల్లో మాటే అనేవాళ్ళు హోషంగాబాద్ సంగతి తెలుసుకోవాలి. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 16 బడుల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రయోగాలతోనే సైన్సు నేర్పడం మొదలుపెట్టారు. వాళ్ళ పుస్తకంలో జవాబులు ఉండేవి కావు. పుస్తకం చూసి పరీక్ష రాయనిచ్చేవారు, ప్రయోగం మాత్రం చేసి చూపించాల్సి వచ్చేది. పల్లెటూరి సర్కారు బడుల్లో మూడు దశాబ్దాలు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం ఆపేసింది. గదికి యాభై మంది ఉన్న బడిలో వాళ్ళు చేయగలిగారు. ఒక్క పిల్ల, ఒక్క అమ్మ, రోజంతా చేతిలో ఉన్న ఇంట్లో మీరు చేయలేరా?

డబ్బున్న ఇళ్ళలో ఇంకో జబ్బు ఉంది. అమెరికా నుంచి అట్టపెట్టెలో కరికులం తెప్పిస్తారు. హైదరాబాద్ పిల్ల గ్రాండ్ కాన్యన్ వర్క్‌షీటు నింపుతుంది, గండికోట లోయ ఏ జిల్లాలో ఉందో తెలియదు. టైరనోసారస్ పళ్ళెన్నో చెబుతుంది. తెలంగాణలోని యమనపల్లి దగ్గర దొరికి, ఆ ఊరి పేరే పెట్టుకున్న కోటసారస్ యమనపల్లియెన్సిస్ అనే డైనోసార్ నిలువెత్తు అస్థిపంజరం ఇదే నగరంలో, బిర్లా మ్యూజియంలో నిలబడి ఉందని తెలియదు. తొలకరి వాన పడగానే వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వంగి వజ్రాలు వెతుకుతారు కదా, వాన పడ్డాకే ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న వజ్రాలు పుట్టిన చోటికి, భూమి లోపల నూట యాభై కిలోమీటర్ల కిందికి తీసుకుపోతుంది. డల్లాస్‌లో ఉన్న తెలుగు ఇళ్ళకీ ఇదే మాట. మీ ఊరి కింద సున్నపురాయి ఉంది, గ్లెన్ రోజ్ దగ్గర పాలక్సీ నది అడుగున డైనోసార్ల అడుగులు ఉన్నాయి. మీ పిల్లకి అదే పుస్తకం.

"మాకే రాదండీ, ఏం చెబుతాం?" అంటారు. రాకపోతే పిల్లతో పాటు నేర్చుకోండి, అంతకన్నా గొప్ప పాఠం ఏముంది. తరతరాలుగా రాయి కొట్టి ఈ ఊళ్ళు కట్టిన వడ్డెర మేస్త్రీలు ఉన్నారు. ఏ బండ ఏ వైపు చీలుతుందో, ఎక్కడ ఉలి ఆనించాలో వాళ్ళకి తెలిసినంత ఇంజనీరింగ్ పట్టా ఉన్న నాన్నకి తెలియదు. వెళ్ళి వాళ్ళని మర్యాదగా అడగండి, పిల్ల ముందే అడగండి. క్వారీ గోతుల్లోకి మాత్రం పిల్లని దింపకండి, అవి ప్రాణాలు తీస్తాయి.

"మరి జేఈఈ?" అదీ చెబుతాను. ఇంట్లో చదివిన పిల్ల ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి పరీక్ష రాయాలంటే జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ (ఎన్‌ఐఓఎస్) లెక్క ప్రకారం 14 ఏళ్ళు నిండాలి. అక్కడ సైన్సు కూడా ఎంచుకునే సబ్జెక్టుల్లో ఒకటి. అంటే పదకొండు నుంచి పద్నాలుగు దాకా ఆ పిల్లని మార్కులు అడిగే అధికారం ఏ బోర్డుకీ లేదు. దేశంలో కోట్ల మంది పిల్లలకి దక్కని మూడేళ్ళు అవి. వాటిని పక్కింటి పిల్లాడి మెటీరియల్‌కి ధారపోయడం పిరికితనం. మెత్తగా చెప్పడానికి నాకు వేరే మాట లేదు. కొలవడం, రాసుకోవడం, అనుమానించడం వచ్చిన పిల్ల పదహారేళ్ళకి మోల్ కాన్సెప్ట్ నేర్చుకోగలదు. బట్టీ మాత్రమే వచ్చిన పిల్లకి అప్పుడు కొలవడం నేర్పే తీరిక ఎవరికీ ఉండదు.

తొందరపడమనడానికి ఇంకో కారణం ఉంది. ఈ నగరంలో రాళ్ళని కాపాడాలని 1996 నుంచీ ఒక సొసైటీ మొత్తుకుంటోంది. అయినా గుట్టలు పేలుతూనే ఉన్నాయి, కంకరై లారీలెక్కి పోతూనే ఉన్నాయి. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ సుప్రీంకోర్టు దాకా పోయినప్పుడు చెట్ల కోసం, జింకల కోసం గొంతులు లేచాయి. లేవాల్సిందే. అక్కడి బండల కోసం మాట్లాడినవాళ్ళు తక్కువ, ఎందుకంటే వాటిని చదవడం మనకి ఎవరూ నేర్పలేదు. మీ కాలనీ చివర గుట్ట ఇంకా మిగిలి ఉంటే ఈ నెలలోనే పిల్లని తీసుకెళ్ళండి. భూతద్దం, అయస్కాంతం, ఒక స్టీలు కత్తి, చిన్న సీసాలో వెనిగర్, గీతల్లేని నోటుబుక్కు. ఫౌండేషన్ సెట్టు ఇంకా అట్ట విప్పకుండా ఉంటే, వెనక్కిచ్చి ఆ డబ్బుతో ఇవి కొనండి.